తేయాకు పెట్టెలతో మొదలుపెట్టకు

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. సోమవారం నుంచి డిగ్రీ పిల్లలకి అమెరికా విప్లవం పాఠం చెప్పాలి, టెన్షన్‌గా ఉంది అన్నావు కదా, అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, కాగితమైతే క్లాసుకి పట్టుకెళ్ళొచ్చు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ పాఠాన్ని 1773 డిసెంబర్ 16 రాత్రితో మొదలుపెట్టేవాణ్ణి. బ్రిటన్ వేసిన తేయాకు పన్నుకి ఎదురుతిరిగి బోస్టన్ రేవులో 342 తేయాకు పెట్టెలు నీళ్ళపాలు చేశారనగానే పిల్లలు కళ్ళప్పగించి వినేవారు. అక్కణ్ణుంచి ఒక్క గెంతులో 1776 స్వాతంత్ర్య ప్రకటనకి వెళ్ళిపోయేవాణ్ణి. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు లేచి, "గవర్నర్ మాట ఎవరూ వినకపోతే మరి పన్నులు ఎవరు వసూలు చేశారు సార్? తగువొస్తే ఎవరు తీర్చారు?" అనడిగాడు. నా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తానన్నాను. ఆ జవాబు వెతుక్కుంటూ పోతేనే నాకు అసలు పాఠం దొరికింది. నువ్వు ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టు.

ముందు బోర్డు మీద 1619 అని రాయి. ఆ ఏడు జూలై 30న వర్జీనియాలో, జేమ్స్‌టౌన్ చర్చిలో, 22 మంది ప్రతినిధులు గవర్నర్‌తో కలిసి కూర్చున్నారు. అమెరికాలోని ఇంగ్లీషు వలస రాజ్యాల్లో ఎన్నికైన ప్రతినిధులు కూర్చున్న మొదటి సభ అదే. ఎండలకి తాళలేక ఆరు రోజులకే ముగించారు. అదే ఆగస్టు నెలాఖరులో, ఆ దగ్గర్లోని పాయింట్ కంఫర్ట్ రేవులో ఇరవై పైచిలుకు ఆఫ్రికన్లని ఓడలోంచి దించి తిండిసరుకులకి మార్చుకున్నారు. ఈ రెండు సంగతులూ ఒకే క్లాసులో, ఒకదాని వెంట ఒకటి చెప్పు. రెండోదాన్ని పాఠం చివర్లో నాలుగు ముక్కల్లో తేల్చేస్తే పిల్లలకి దాని బరువు తెలియదు.

తర్వాతి నూట యాభై ఏళ్ళూ గబగబా నడిపించెయ్యి. జీతం గొడవ దగ్గర మాత్రం ఆగు. చాలా వలసల్లో గవర్నర్‌ని పంపేది బ్రిటన్ రాజు, జీతమిచ్చేది అక్కడి సభ. 1728లో బోస్టన్ ఉన్న మాసాచుసెట్స్ వలసకి వచ్చిన గవర్నర్ బర్నెట్ తన జీతాన్ని శాశ్వతంగా ఖాయం చెయ్యమన్నాడు. సభ ఒప్పుకోలేదు. ఏ ఏడాదికాయేడు ఇస్తామే తప్ప శాశ్వతం కుదరదంది. ఆయన సభని బోస్టన్ నుంచి సేలంకి మార్చాడు, అయినా లొంగలేదు. మరుసటి ఏడు, గొడవ తేలకుండానే ఆయన పోయాడు. జీతం ఎవరిస్తే మాట వాళ్ళదే చెల్లుతుందని పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు, ఇళ్ళల్లో చూస్తూనే ఉంటారు. అందుకే 1772లో గవర్నర్‌కీ జడ్జీలకీ ఇకమీదట రాజే జీతమిస్తాడని తెలిసినప్పుడు బోస్టన్ జనం ఉలిక్కిపడ్డారు. బొడ్లోంచి తాళాలగుత్తి లాగేసుకున్నట్టే కదా! ఆ నవంబర్లోనే బోస్టన్ నాయకుడు శామ్యూల్ ఆడమ్స్ పట్టుబట్టి 21 మందితో ఉత్తరాల కమిటీ వేయించాడు. వాళ్ళు ఊరూరికీ రాశారు. వందకు పైగా ఊళ్ళు సభలు పెట్టుకుని, చర్చించి బదులిచ్చాయి.

తేయాకు దగ్గర ఒక మాట చెప్పి ముందుకెళ్ళు. అది చైనా తేయాకు, పంపింది ఈస్టిండియా కంపెనీ. 1766లో నిజాంతో ఒప్పందం రాయించుకుని మన ఉత్తర సర్కారులు తీసుకున్నదీ ఆ కంపెనీయే. ఈ మాట వినగానే పిల్లలు నిటారుగా కూర్చుంటారు, నేను చూశాను.

ఇక 1774. ఇక్కడ ఒక పూర్తి పీరియడ్ తీసుకో. తేయాకు పారబోసినందుకు శిక్షగా బ్రిటిష్ పార్లమెంటు మాసాచుసెట్స్ పరిపాలననే మార్చేసింది. ఊరి సభ ఏడాదికి ఒక్కసారే, అంతకుమించి కావాలంటే గవర్నర్ అనుమతి ఉండాలి. రోడ్డు బాగుచెయ్యాలన్నా, బడికి పంతుల్ని పెట్టాలన్నా సభలోనే తేల్చుకోవడం అలవాటైన జనం వాళ్ళు. సెప్టెంబర్ 6న వూస్టర్ అనే ఊరికి చుట్టుపక్కల 37 ఊళ్ళ నుంచి నాలుగున్నర వేలకు పైగా మనుషులు వచ్చి మెయిన్ రోడ్డుకి రెండు పక్కలా బారులు తీరారు. రాజు తరఫు జడ్జీలూ కోర్టు అధికారులూ టోపీలు చేత్తో పట్టుకుని ఆ వరసల మధ్య నడిచారు. కొత్త చట్టం కింద పనిచెయ్యబోమని రాసిచ్చిన కాగితాన్ని, దాటుకుపోయే ప్రతి గుంపుకీ వినబడేలా మళ్ళీ మళ్ళీ చదివారు. ఒక్క తూటా పేలలేదు. ఆ రోజుతో ఆ జిల్లాలో రాజు అధికారం ముగిసింది. వాళ్ళని అలా తలవంచుకుని నడిచేలా చెయ్యడం న్యాయమేనా అని పిల్లల్ని అడుగు. వాళ్ళని వాదించుకోనీ, నువ్వు తీర్పు చెప్పకు.

అక్టోబర్లో ఊళ్ళు పంపిన ప్రతినిధులు గవర్నర్‌తో పనిలేకుండా సొంత కాంగ్రెస్ ఏర్పాటు చేసుకున్నారు. హెన్రీ గార్డ్‌నర్ అనే ఆయన్ని కోశాధికారిగా పెట్టి, పన్నులు పాత ఖజానాకి కాక ఇతనికి కట్టండని ఊళ్ళకి చెప్పారు. మా వెనక బెంచీ కుర్రాడికి నేను చెప్పిన జవాబు ఇదే. పన్ను దారి మారింది, ప్రభుత్వం మారింది. అప్పటికి లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి యుద్ధం మొదలవడానికి ఇంకా ఆర్నెల్లుంది.

1776లో జూలై 4 ఒక్కటే చెప్పి ఊరుకోకు. న్యూ హాంప్‌షైర్ జనవరి 5నే సొంత రాజ్యాంగం రాసుకుంది. కనెటికట్ ఇంకా తేలిగ్గా కానిచ్చింది. రాజు పేరు తీసేసి, వలస కాలంలో రాజిచ్చిన పాత చార్టర్ (అధికార పత్రం)తోనే 1818 దాకా నెట్టుకొచ్చింది.

కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మాసాచుసెట్స్ కథ. చట్టాలు చేసే సభే రాజ్యాంగం రాస్తే రేపు తనకి నచ్చినట్టు తనే మార్చేసుకుంటుంది, అందుకు వేరే సభ కావాలి అని 1776లోనే కాంకర్డ్ ఊరివాళ్ళు అన్నారు. ఆ మాట వినకుండా రాసిన రాజ్యాంగాన్ని 1778లో ఊళ్ళు భారీ తేడాతో తిప్పికొట్టాయి. అప్పుడు ప్రత్యేకంగా సభ పెట్టారు. జాన్ ఆడమ్స్ ముసాయిదా రాశాడు, ఊళ్ళు ఒక్కో అంశం చర్చించాయి, 1780లో అమల్లోకొచ్చింది. సవరణలతో నేటికీ నడుస్తోంది.

పన్ను వేసే అధికారం లేక అన్ని రాష్ట్రాల ఉమ్మడి కాంగ్రెస్ పడ్డ అవస్థా, దేశ రాజ్యాంగం రాసిన 1787 ఫిలడెల్ఫియా సమావేశమూ మీ టెక్స్ట్‌బుక్‌లో బాగానే ఉన్నాయి. వాటికి ఒక్క పీరియడ్ చాలు.

మిగిలిన టైము ఎలిజబెత్ ఫ్రీమన్‌కి ఇవ్వు. ఆమె మాసాచుసెట్స్‌లో బానిస. మనుషులందరూ పుట్టుకతో స్వేచ్ఛగలవాళ్ళు, సమానులు అని ఆ 1780 రాజ్యాంగం మొదట్లోనే ఉంది. ఆమెకి చదవడం రాదు, ఆ మాటలు చెవిన పడ్డాయంతే. లాయరు సెడ్జ్‌విక్ దగ్గరికి వెళ్ళి కేసు వేయమంది. 1781లో గ్రేట్ బారింగ్టన్ కోర్టులో గెలిచి బయటికొచ్చింది. బోర్డు మీద 1619 చెరిపెయ్యకుండా ఉంచి, దాని పక్కన ఆమె పేరు రాయి.

మొదటి క్లాసు అవగానే పిల్లలు ఏమడిగారో రాసి పంపు. జవాబు తెలియనివి కూడా రాయి, ఇద్దరం కలిసి వెతుకుదాం.

నీ పెదనాన్న