ముందు డీసాల్టర్ దగ్గర నేర్చుకో

చిరంజీవికి ఆశీస్సులు.

రిఫైనరీలో ముడిచమురు యూనిట్‌కు నిన్ను వేశారని, పని ఎక్కడి నుంచి నేర్చుకోవాలో చెప్పమని రాశావు. కొత్తవాళ్లందరి చూపూ ముడిచమురును మరిగించి భాగాలుగా విడదీసే ఎత్తైన డిస్టిలేషన్ కాలమ్ మీదే ఉంటుంది కానీ, నువ్వు దానికి ముందుండే, చమురులోని ఉప్పును తీసేసే డీసాల్టర్‌తో మొదలుపెట్టు. చమురును సుమారు 120 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి, కొంత నీరు కలిపి, విద్యుత్ క్షేత్రంలో ఉంచితే, సన్నని నీటి బిందువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, ఉప్పును తమలో కరిగించుకుని అడుగుకు దిగుతాయి. ఈ పని సరిగా జరగకపోతే, మిగిలిపోయిన మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్ లవణాల నుంచి, కాలమ్‌కు ముందు చమురును కాచే ఫర్నేస్ వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ పుట్టి, కాలమ్ పైభాగంలో ఆవిరి నీరయ్యే చోట ఆమ్లంగా మారి గొట్టాలను తినేస్తుంది. అందుకే షిఫ్టులోకి రాగానే డీసాల్టర్ నీటి మట్టం చూడు. బయటికి పోయే నీటిని గాజు సీసాలో పట్టి, నూనె తేలుతోందేమో నీ కళ్లతో పరిశీలించు.

ఫర్నేస్ నుంచి చమురు సాధారణంగా 350 నుంచి 370 డిగ్రీల మధ్య బయటికి వస్తుంది. డీజిల్ మరికాస్త రాబట్టాలని అంతకు మించి వేడి పెంచకు. అణువులు విరిగి, గొట్టాల లోపల కోక్, అంటే బొగ్గులాంటి గట్టి పదార్థం, పేరుకుంటుంది. అడుగున మిగిలిన బరువైన చమురును వేరు చేయడానికి వాక్యూమ్ కాలమ్ ఉన్నదే అందుకు: ఒత్తిడి తగ్గితే మరిగే ఉష్ణోగ్రతా తగ్గుతుంది.

కాలమ్‌లో పైనుంచి గ్యాస్, నాఫ్తా అనే తేలికైన నూనె, కిందికి వచ్చేకొద్దీ కిరోసిన్, డీజిల్ వస్తాయి. కిరోసిన్‌లో నాఫ్తా కొద్దిగా మిగిలినా ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత) పడిపోతుంది, అంటే దానితో స్టవ్ వెలిగించే మనిషికి ప్రమాదం. కాబట్టి కిరోసిన్‌లో మిగిలిన నాఫ్తాను నీటి ఆవిరితో వెళ్లగొట్టే స్ట్రిప్పర్‌కు వెళ్లే ఆవిరి తగ్గిందని తెలిస్తే ల్యాబ్ ఫలితం కోసం ఎదురుచూడకుండా వెంటనే పై అధికారికి చెప్పు. నాఫ్తాను పెట్రోలుకు తగినట్టు మార్చే రిఫార్మర్, బరువైన నూనెను విరగ్గొట్టే క్రాకింగ్ యూనిట్, డీజిల్‌లోని గంధకాన్ని హైడ్రోజన్‌తో తీసేసే యూనిట్ తర్వాత నిదానంగా నేర్చుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట దాటకు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది కానీ, గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. శాంపిల్ తీసేటప్పుడు గాలి నీ వెనుక నుంచి వీచేలా నిలబడు, ఆ వాయువును పసిగట్టే డిటెక్టర్ లేకుండా వాల్వు మీద చెయ్యి వేయకు.

ఇట్లు,
మీ పెదనాన్న