పది లక్షల పదాలు కాదు, ముందు ఒక్క పేజీ

చిరంజీవి చిన్నికి,

పెద్దనాన్న ఆశీస్సులు.

ప్రాజెక్టుకు నువ్వు ఎంచుకున్న అంశం నాకు నచ్చింది. ఒక సంఖ్య తీసుకుని బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే రాయడం, అందులో ఒకట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి ఆ సంఖ్యకే కలపడం, వచ్చినదాంతో మళ్లీ అదే పని. ప్రోగ్రాం రాసి ఆ వరుసలో పది లక్షల పదాలు, అంటే సంఖ్యలు, తీశానన్నావు. సంతోషమే. కానీ అందులో నీకేం కనిపించిందో ఒక్క ముక్క కూడా రాయలేదేం? గళ్ల నోట్‌బుక్ తీసి, 64 దాకా చేత్తో వేసి చూడు. గంట కూడా పట్టదు.

1తో మొదలుపెడితే 1, 2, 3, 5, 7, 10, 12, 14, 17, 19, 22, 25, 28, 31, 36 అని పోతుంది. పక్కనే బైనరీ రూపం కూడా రాసుకో, అసలు సంగతంతా అక్కడే ఉంది. 31 అంటే 11111, ఐదు ఒకట్లు. అందుకే ఒక్క గెంతులో 36కి వెళ్లింది. 36 అంటే 100100, ఉన్నవి రెండే. కాబట్టి తర్వాతి అడుగు చిన్నది, 38. అక్కణ్ణుంచి 41, 44, 47, 52, 55, 60, 64. చూశావా, 4, 8, 16, 32 నాలుగింటినీ దాటేసి వచ్చిన వరుస 64ని మాత్రం సరిగ్గా తాకింది. స్క్రీన్ మీద గిర్రున తిరిగిపోయే అంకెల్లో ఇది కంటికి ఆనదు.

ఇంకో జాగ్రత్త. నాలుగైదు పదాలు చూసి ఫలానా అనుక్రమమే (సంఖ్యల వరుసే) అని తేల్చెయ్యకు. 1, 2, 3, 5, 7 దాకా చూస్తే రామానుజన్ పనిచేసిన విభజనల సంఖ్యలు (ఒక సంఖ్యను ఎన్ని రకాలుగా కూడికగా విడగొట్టవచ్చో చెప్పేవి) కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. ఆరో పదం వాటిలో 11, మనకు 10. గణితవేత్త నీల్ స్లోన్ 1964లో మొదలుపెట్టిన అనుక్రమాల కోశం ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఉంది కదా, అందులో వెతికేటప్పుడు కనీసం పది పదాలైనా ఇవ్వు. నీది అక్కడ A010062 నంబరుతో ఉంది. కానీ నీ పేజీ పూర్తయ్యాకే తెరువు. ముందే చూస్తే వాళ్లు గమనించిందే నీకూ కనిపిస్తుంది.

ఇక అసలు సలహా. ముందుకు పోవడం యంత్రం చేస్తుంది, నువ్వు వెనక్కి చూడు. ఈ సంఖ్య ఎక్కణ్ణుంచి వచ్చింది అని అడుగు. 5కి రెండు దారులున్నాయి, 3 నుంచీ రావచ్చు, 4 నుంచీ రావచ్చు. మరి 32కి? 32 కంటే చిన్న సంఖ్యలో ఐదు ఒకట్లకు మించి ఉండవు. కాబట్టి 27 నుంచి 31 దాకా చూస్తే చాలు. అవి వరుసగా 31, 31, 33, 34, 36 ఇస్తాయి. 32 ఎవరికీ పుట్టలేదు! ఇలాంటివి 1, 4, 6, 13, 15, 18, 21, 23, 30, 32... మొదటి 32 సంఖ్యల్లోనే పది ఉన్నాయి.

వీటికి స్వయంభూ సంఖ్యలని పేరు పెట్టినవాడు మన దేశంవాడే, డి.ఆర్. కాప్రేకర్. నాసిక్ దగ్గర దేవళాలీలో 1930 నుంచి 1962 దాకా బడిపంతులు. అన్నీ ఒకే అంకె కాని నాలుగంకెల సంఖ్య తీసుకుని, దాని అంకెలతో వచ్చే అతి పెద్ద సంఖ్యలోంచి అతి చిన్నదాన్ని తీసేస్తూ పోతే చివరికి 6174 వస్తుందే, ఆ మహిమ కనిపెట్టింది కూడా ఆయనే. ఆయన మామూలు దశాంశ అంకెలతోనే ఈ ఆట ఆడాడు, అందులో స్వయంభువులు 20, 31, 42, 53 అలా వస్తాయి. 1974లో కొలంబియాకు చెందిన రెకమాన్ ఇదే ప్రశ్న ఒక గణిత పత్రికలో వేయడంతో కొలంబియన్ సంఖ్యలన్న పేరూ వచ్చింది. బైనరీలో వీటి సాంద్రత, అంటే మొత్తం సంఖ్యల్లో వీటి వాటా, సుమారు 0.25266, అంటే నాలుగింట ఒకటి కంటే కాస్త ఎక్కువ. ఆ స్థిరాంకం కూడా పై (π) లాగే పూర్ణాంక గుణకాలున్న ఏ బహుపది సమీకరణానికీ మూలం కాదని 1990ల్లో నిరూపించారు. లెక్కపెట్టడంతో మొదలైన ఆట అంతదాకా పోయిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వేర్వేరు సంఖ్యలతో మొదలుపెట్టి అవి ఎక్కడ కలుస్తాయో కూడా చూడు. 21తో మొదలుపెడితే 24, 26, 29, 33, 35, 38 దగ్గర మన మొదటి వరుసలో కలిసిపోతుంది, పిల్ల కాలువ ఏట్లో కలిసినట్టు. 63 అయితే 84 దాకా కలవదు. 64 వరకు ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరికి 1 బాటలోకే వచ్చాయి. దశాంశంలో ఇలా జరగదు. అక్కడ అంకెల మొత్తాన్ని 3తో భాగిస్తే వచ్చే శేషమే సంఖ్యకూ వస్తుంది కదా, కాబట్టి 3తో మొదలైన వరుసలో అన్నీ 3 గుణిజాలే, 1తో మొదలైనదాంట్లో ఒక్కటీ ఉండదు. ఆ రెండూ జన్మలో కలవవు. బైనరీలో అలాంటి అడ్డుగోడ లేదు. అయితే గోడ లేదన్నంత మాత్రాన అన్నీ కలుస్తాయని నిరూపించినట్టు కాదు. రిపోర్టులో ‘ఇంతవరకు పరీక్షించాను’ అని రాయి, ‘అన్నీ కలుస్తాయి’ అని మాత్రం రాయకు. వైవాలో ముందు పట్టుకునేది అక్కడే.

సమయం ఉంటే కూడికను తీసివేతగా మార్చి చూడు. 10లోంచి దాని ఒకట్ల సంఖ్య 2 తీసేస్తే 8. పది ఫాక్టోరియల్‌ను, అంటే 1 నుంచి 10 దాకా అన్నిటినీ గుణిస్తే వచ్చేదాన్ని, 2తో సరిగ్గా ఎనిమిదిసార్లు భాగించవచ్చు. ఇది లెజాండ్ర్ సూత్రం, ప్రతి సంఖ్యకూ పనిచేస్తుంది.

ప్రోగ్రాం గురించి నీకు నేను చెప్పేదేముంది. ఒకట్లు లెక్కపెట్టడానికి పైథాన్ భాషలో 3.10 వెర్షన్ నుంచి బిట్ కౌంట్ (bit_count) ఉండనే ఉంది. బైనరీలో రాసిన 101ని నూటొకటిగా కూడకుండా చూసుకో, చాలు. 0తో మాత్రం మొదలుపెట్టకు, అక్కడే కూర్చుంటుంది.

128 స్వయంభువో కాదో ప్రోగ్రాం ముట్టుకోకుండా తేల్చు. ఏడు సంఖ్యలు చూస్తే సరిపోతుంది, ఏ ఏడో నీకే తెలుస్తుంది. ఆ కాగితం ఫొటో తీసి ఆదివారంలోగా వాట్సాప్ చెయ్యి.

ఇట్లు,
పెద్దనాన్న