తాత మాట కాగితం మీదికి వచ్చే దారి

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా కొండ మీద జలవిద్యుత్ ప్రాజెక్టు కోసం సర్వే జరుగుతోందని అంటున్నారు. ఏ గెడ్డ ఎక్కడ పుడుతుందో, ఏ చెట్టు కింద ఏ దేవుడున్నాడో మా తాతకి తెలుసు. ఆయనకి చదువు రాదు. ఆయన చెప్పేదానికి ఆఫీసుల్లో విలువ ఉంటుందా? మేం కుర్రాళ్లం ఆయన దగ్గర ఏం నేర్చుకోవాలి, ఎలా రాసుకోవాలి?
(అరకు వైపు ఒక గూడెం నుంచి డిగ్రీ విద్యార్థి)

జవాబు: విలువ ఉంటుంది. అది చట్టంలోనే ఉంది. అడవిలో బతికేవాళ్లకి భూమి మీదా అడవి మీదా హక్కులు గుర్తించే 2006 అటవీ హక్కుల చట్టం కింద చేసిన నిబంధనల్లో 13వది సాక్ష్యాల జాబితా. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటిపన్ను రసీదు, పొలం గట్లు, పాత బావి, శ్మశానం, దేవుడి చోటు, వంశవృక్షం అన్నీ అందులో వస్తాయి. వాటి పక్కనే ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా ఉంది. షరతు ఒక్కటే. చెప్పే పెద్ద ఆ హక్కు అడుగుతున్న మనిషి కాకూడదు. చాలా దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటాయి. మీ ఇంటి పోడుకి మీ తాతే దరఖాస్తుదారు అయితే ఆ భూమికి ఆయన మాట సాక్ష్యంగా పనికిరాదు, ఆయన ఈడువారు మరొకరు చెప్పాలి. ఊరంతా కలిసి సామూహిక హక్కు అడిగేటప్పుడు సరిహద్దు పంచుకునే పక్క ఊరి పెద్దల చేత చెప్పించడం మేలు. దానివల్ల సరిహద్దు తగువు కూడా ముందే తేలిపోతుంది.

అయితే వాంగ్మూలం ఒక్కటే సరిపోదు. దరఖాస్తుకి కనీసం రెండు రకాల సాక్ష్యం కావాలి. వాంగ్మూలానికి జోడుగా ఆయన చూపించిన గట్టు, బావి, పాత పనసచెట్టు ఉండాలి. అందుకే తాతని అరుగు మీద కూర్చోబెట్టి అడగకండి. ఆయనతో కొండ ఎక్కండి.

నడకకి మంచి కాలం మాఘం నుంచి చైత్రం వరకు. కోతలు అయిపోతాయి, ఆకు రాలి దారులు కనబడతాయి, ఎండల్లో కూడా పారే గెడ్డ ఏదో, వానల్లో మాత్రమే పారేది ఏదో తేలుతుంది. వానాకాలంలో చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. జట్టులో నలుగురైదుగురు చాలు: ఒక తాత, ఒక అవ్వ, రాసేవాడు ఒకడు, ఫోన్‌లో జీపీఎస్ చూసేవాడు ఒకడు, ఫొటోలు తీసేవాడు ఒకడు. అవ్వని వదిలేయకండి. దుంపలు తవ్వే చోటు, అడ్డాకులు కోసే చోటు, మంచినీటి ఊట ఆడవాళ్లకే బాగా తెలుసు. మగవాళ్లు మాత్రమే నడిచి గీసిన పటంలో ఇవే లోపిస్తాయి. రోజుకి మూడు నాలుగు కిలోమీటర్లకి మించి పెట్టుకోవద్దు. పెద్దవాళ్లు అలసిపోతే పేర్లు చెప్పడం మానేసి "అటు మొత్తం మాదే" అనేస్తారు. ఆ మాట కాగితం మీద దేనికీ పనికిరాదు.

సరిహద్దు మలుపు తిరిగిన ప్రతిచోటా ఆగండి. దట్టమైన చెట్ల కింద ఫోన్ చూపే స్థానం పది మీటర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పక్కకి పోతుంది. రెండు నిమిషాలు కదలకుండా నిలబడి అంకెలు కుదురుకున్నాక రాసుకోండి. ఆ చోటుకి తాత పలికిన పేరు కువి భాషలో ఉన్నా, ఆదివాసీ ఒడియాలో ఉన్నా, అలాగే తెలుగు లిపిలో రాయండి. ఫారెస్టువాళ్ల మ్యాపులోని పేరు తెలిస్తే పక్కన విడిగా రాయండి, రెంటినీ కలపకండి. దేవుడి చోటు దగ్గర ఫొటో తీసే ముందు పూజలు చేసే దిసారినో, ఊరి పెద్దనో అడగండి. కాదంటే దూరంనుంచి గుర్తు మాత్రం వేసుకోండి.

అన్నిటికన్నా కష్టం సంవత్సరాలు. తాతకి 1985 అని గుర్తుండదు, గుర్తుండాల్సిన పనీ లేదు. "ఈ గట్టు వేసినప్పుడు మా పెద్దమ్మాయి నడుస్తోంది" అంటారు. ఆ అమ్మాయి ఓటరు కార్డు చూస్తే ఏడు దొరుకుతుంది. ఊళ్లో బడి కట్టిన ఏడు, కరెంటు వచ్చిన ఏడు, మొదటి కాఫీ మొక్కలు పెట్టిన ఏడు రికార్డుల్లో వెతకొచ్చు. సాగుభూమికి మీరు చూపాల్సిన గీత 2005 డిసెంబరు 13. అంతకుముందు నుంచే దున్నుతున్నామని తేలాలి.

ప్రశ్నలోనే జవాబు పెట్టి అడగడం పెద్ద తప్పు. "ఇది మన తాతల కాలం నుంచీ మనదే కదా?" అంటే ఎవరైనా అవునంటారు. "ఇక్కడ మీతో ఎవరు దున్నారు? ఏం వేశారు? ఆ ఏడు చోళ్లా, సామలా?" అని అడగండి. వాంగ్మూలంలో పేరు, సుమారు వయసు, ఊరు, దరఖాస్తుదారుతో బంధుత్వం, కళ్లారా చూసింది ఏమిటి, ఎప్పటినుంచి, నాలుగు దిక్కుల హద్దులు ఉండాలి. రాశాక ఆయన భాషలోనే చదివి వినిపించాలి. తర్వాతే వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు, గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీ అధ్యక్షుడి సంతకం. ఇంకో హెచ్చరిక: ఒకరి వాంగ్మూలం టైపు చేసి పేరు మార్చి ఇరవైమందికి వాడకండి. మక్కీకి మక్కీ ఒకేలా ఉన్న కాగితాలు చూడగానే దరఖాస్తులు పరిశీలించే పైకమిటీకి అనుమానం వస్తుంది. నిజం చెప్పిన పెద్ద మాటకీ విలువ పోతుంది.

వ్యక్తిగత సాగుకి ఫారం ‘ఎ’, అటవీ ఫలసాయం, మేత, నీళ్ల వంటి సామూహిక హక్కులకి ‘బి’, మొత్తం అడవిని కాపాడి నిర్వహించుకునే హక్కుకి ‘సి’. మీ ఊరికి అసలు బలం ‘సి’. ఎందుకో గానీ చాలా గూడేలు ‘ఎ’ పట్టాలతో ఆగిపోతున్నాయి. ఒక్కో ఇంటికి నాలుగు హెక్టార్లకి మించని పట్టా వస్తుంది, చుట్టూ ఉన్న కొండకి మాత్రం ఊరి పేరు ఉండదు. తాత చూపించే గెడ్డలూ దేవుళ్లూ ఆ కొండమీదే కదా ఉన్నాయి.

ప్రశ్న: శాటిలైట్ ఫొటోలో సాగు కనబడలేదని మా దరఖాస్తు తిరగ్గొట్టారని నోటిమాటగా చెప్పారు. ఇంక చేసేదేం లేదా?
(చింతపల్లి మండలం)

జవాబు: ఉంది. 2012లో చేర్చిన 12ఏ నిబంధన ప్రకారం శాటిలైట్ చిత్రం మిగతా సాక్ష్యాలకి తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. పోడులో ఏళ్లు వదిలేసిన బీడు పైనుంచి అడవిలాగే కనబడుతుంది, చెట్ల నీడన ఉండే కాఫీ అసలే కనబడదు. నోటిమాటని ఒప్పుకోకండి. తిరస్కరణ కారణాలతో రాతపూర్వకంగా ఇవ్వాలి. గ్రామసభ నిర్ణయం మీద సబ్‌ డివిజన్ స్థాయి కమిటీకి, దాని నిర్ణయం మీద జిల్లా కమిటీకి 60 రోజుల్లో వెళ్లవచ్చు. ఆ కాగితం లేకుంటే గడువు ఎప్పుడు మొదలైందో కూడా మీకు తెలియదు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కృత దరఖాస్తుదారులని ఖాళీ చేయించమని ఆదేశించి, అదే నెల 28న నిలిపివేసింది. కాబట్టి "తిరస్కృతం" అన్న ముద్రని అలా వదిలేయడం ప్రమాదం.

ప్రశ్న: పంచాయతీ ఆఫీసులో హాజరు పట్టీ అని సంతకాలు తీసుకున్నారు. తర్వాత అది ప్రాజెక్టుకి ఒప్పుకున్న తీర్మానం అంటున్నారు. చెల్లుతుందా?
(అనంతగిరి మండలం)

జవాబు: అటవీ హక్కులకి సంబంధించిన గ్రామసభకి లెక్క ఉంది. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఊళ్లో వయోజనులు 180 మంది ఉంటే 90 మంది, వాళ్లలో 30 మంది స్త్రీలు. అంతకు తగ్గితే ఆ సభ చెల్లదని రాసి అడగండి. షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన ఆదివాసీ ప్రాంతంలో, ఊరంటే తన కట్టుబాట్లతో తన పనులు నడుపుకునే గూడెం గానీ, కొన్ని గూడేల కలయిక గానీ. ఇది షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం చెప్పిన అర్థం. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకునే ముందే గ్రామసభ సమ్మతి కావాలి.

ఇకనుంచి చదువుకున్న పిల్లలు ఈ పని పట్టుకోవాలి. మినిట్స్ పుస్తకం పేజీలకి ముందే నంబర్లు వేయండి. హాజరు పట్టీ ప్రతి పేజీ పైన ఆ రోజు విషయం రాయండి. తీర్మానం చివరి వాక్యానికీ మొదటి సంతకానికీ మధ్య ఖాళీ వదలకండి, మిగిలితే అడ్డగీత కొట్టండి. పెద్దల చేత వేలిముద్ర వేయించే ముందు గట్టిగా చదవండి. నకలు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో ఇచ్చి మరో నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇప్పటికే జరిగినదానికి, మళ్లీ గ్రామసభ పెట్టి ఆ సంతకాలు దేనికి చేశారో తీర్మానంగా రాసి కలెక్టరుకి పంపండి.

ప్రశ్న: గ్రామసభ చెప్పినందుకు గని ఆగిన ఊరు నిజంగా ఉందా?
(విజయనగరం)

జవాబు: పార్వతీపురం నుంచి ఎంతో దూరంలో లేదు. ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల మీద ఉన్న నియమగిరి. డోంగ్రియా కొంధు ఆదివాసుల దేవుడు నియమరాజు ఉండే కొండ. వేదాంత కంపెనీ లాంజిగఢ్ ఫ్యాక్టరీ కోసం అక్కడ బాక్సైట్ తవ్వాలనుకున్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తేల్చే పని గ్రామసభలకి అప్పగించింది. జూలై, ఆగస్టు నెలల్లో జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదుట 12 ఊళ్లు కూర్చున్నాయి, పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. మళ్లీ సభలు పెట్టాలన్న పిటిషన్‌ని 2016లో కోర్టు తోసిపుచ్చింది.

మన వైపు 1997 జూలై 11 నాటి సమతా తీర్పు ఉంది. బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గనుల లీజుల మీద మొదలైన కేసు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ప్రభుత్వాన్నీ కట్టిపడేస్తుందని, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకి గనులు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. ఒక్క జాగ్రత్త: షెడ్యూలులో చేరని ఆదివాసీ ఊళ్లకి 1/70 వర్తించదు. అటవీ హక్కుల చట్టం మాత్రం వర్తిస్తుంది. మీ ఊరు దేనికింద ఉందో ముందు తేల్చుకోండి.

ప్రశ్న: మా పెద్దలు చెప్పే మందు మొక్కల వివరాలు వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నాం. మంచిదేనా?
(సీతంపేట)

జవాబు: హక్కు కోసం కావాల్సింది మొక్కలు తెచ్చుకునే చోటు, కాలం మాత్రమే. ఏ వేరు ఏ రోగానికి, ఎంత మోతాదు అన్నది దరఖాస్తులోనూ రాయకండి, వీడియోలోనూ పెట్టకండి. ఒకసారి బయటికి పోయాక ఎవరు వాడుకున్నా అడగలేరు. తెలియనివాళ్లు వాడితే ప్రాణం మీదికి రావచ్చు, చోటు తెలిసిన బయటివాళ్లు వేర్లతో సహా తవ్వుకుపోవచ్చు. ఇప్పటికే పెట్టినవాటిని ప్రైవేట్‌లోకి మార్చండి. అసలు రికార్డింగు చెప్పిన పెద్ద ఇంట్లో ఒకటి, గ్రామసభ దగ్గర ఒకటి మెమరీ కార్డుల్లో ఉంచండి. తేమకి కార్డులు పాడవుతాయి కనుక ఏడాదికోసారి కొత్త కార్డులోకి ఎక్కించండి. ఎవరికి వినిపించవచ్చో ఆ పెద్దనే అడిగి ఆ మాట కూడా రికార్డు చేయండి.