పల్లెలో తోట వేసుకునే మాధవికి

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన తోట ప్లాను చూశాను. గీసినాయన పనితనం బాగుంది. కానీ ఆ ప్లాను బెంగళూరులో ఏ లేఔట్‌కైనా సరిపోతుంది. ఉదయగిరి దోవలో మన ఎర్రనేల మీద లేచే ఇల్లని అందులో ఎక్కడా తెలియడం లేదు. కొరియా గడ్డి, రాయల్ పామ్‌లు, ఏడడుగుల కాంపౌండు గోడ, ఈ మూడూ తీసేయమని చెప్పడానికే రాస్తున్నాను.

ముందు గోడ సంగతి. మన స్థలానికి పడమట కొండ కనిపిస్తుంది. ఎంత డబ్బు పోసినా తోటకు అంతకు మించిన అందం రాదు. నువ్వు ఏడడుగులు లేపితే వసారాలో కూర్చున్నవాళ్లకు కనిపించేది సిమెంటే. నడుమెత్తు రాతి గోడ చాలు. చేలో ఏరి గట్టున పోసిన రాళ్లున్నాయిగా, వాటితోనే కట్టించు. గోడ వెంట వావిలి కొమ్మలు గుచ్చించు. ఇట్టే బతుకుతాయి, మేకలు వాటి జోలికి పెద్దగా పోవు.

చిక్కేంటంటే, వడగాలి వచ్చేదీ ఆ పడమటి నుంచే. చెట్లు పెడితే కొండ మూసుకుపోతుంది, పెట్టకపోతే మధ్యాహ్నం వసారాలో కూర్చోలేం. అందుకని అక్కడ వేప, కానుగ వెయ్యి. అవి ఎదిగేకొద్దీ కింది కొమ్మలు తీయిస్తూ మాను పైకి లేపాలి. అప్పుడు నీడ పైన పరుచుకుంటుంది, కింద మానుల సందుల్లోంచి కొండ కనిపిస్తుంది. చెట్టుకు చెట్టుకు ఇరవై అడుగులైనా వదులు. తాడు పట్టినట్టు వరసగా మాత్రం వద్దు తల్లీ. చుట్టూ పొలం గట్ల మీద చెట్లు ఎలా అటూ ఇటుగా ఉన్నాయో ఒకసారి చూడు, అలా నాటిస్తే మన తోట ఎక్కడ అయిపోయిందో, ఊరి చేలు ఎక్కడ మొదలయ్యాయో తెలియదు.

మూలనున్న తాటిచెట్లు కొట్టేద్దామని మేస్త్రీ అన్నాడట. ఒప్పుకోవద్దు. తాడి కాపుకు రావాలంటే పన్నెండేళ్లయినా పడుతుంది, పెరిగిన చెట్టుకు నీళ్లు పోసే పనే లేదు. చిల్లకంప, అదే సర్కారు తుమ్మ, మాత్రం జేసీబీతో వేళ్లతో సహా పెకలించు. పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది.

వాకిట్లో గడ్డి వద్దు. ఎండాకాలం బోరు నీళ్లు గడ్డికి పోస్తుంటే ఊళ్లోవాళ్ల ముందు మనకే బాగుండదు. ఎర్రమట్టి తోలించి, తడిపి దిమ్మిస కొట్టించు. పొద్దున్నే చిమ్మి కళ్లాపి చల్లితే ఆ ఎరుపు మీద ముగ్గు ఎంత కళగా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. అంచుల్లో నందివర్ధనం, మందారం, ఒక పారిజాతం చాలు. గన్నేరు కావాలంటే లోపలే పెట్టుకో, దాని ఆకు విషం, దూడలకూ మేకలకూ అందకూడదు. స్నానాలు చేసే జాలాడి నీళ్లకు చిన్న కాలువ తీయించి అరటి వెయ్యి. మునగ పెరటి చివరకు పోవాలి. వానాకాలం దాన్నిండా గొంగళిపురుగులే, తుఫాను గాలికి కొమ్మ కూడా ఆగదు.

ఇక ఎప్పుడు నాటాలన్నది. జూన్‌లో నాటమని నర్సరీవాళ్లు అంటారు. మన దగ్గర జూన్‌లో ఇంకా ఎండలే. నెల్లూరు జిల్లాకు సగానికి పైగా వాన అక్టోబరు, డిసెంబరు మధ్యనే పడుతుంది. మే నెలలో మూడడుగుల గుంతలు తీయించి ఎండనివ్వు. తర్వాత పశువుల ఎరువు, వేపపిండి కలిపిన మట్టితో పూడ్చి, సెప్టెంబరు ఆఖర్లో నాటు. నవంబరు తుఫాన్లకు ఒరిగిపోకుండా ప్రతి మొక్కకూ కర్ర కట్టించు. మొదటి రెండు ఎండాకాలాలూ నీళ్లు పోయక తప్పదు.

గోడ పునాదికి ముగ్గుతో గుర్తు పోయించే ముందు నాకు ఫోన్ చెయ్యి. వసారా వచ్చే చోట కుర్చీ వేసుకుని కూర్చుంటే కొండ ఏ దిక్కున ఎంత మేర కనిపిస్తుందో తెలుస్తుంది. దాన్నిబట్టి చెట్లకు గుర్తులు పెట్టిద్దాం.

ఇట్లు
పెదనాన్న