మేధోవైకల్యాల జన్యుశాస్త్రం చదవాలంటే?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనలియర్‌. పుట్టుకతో వచ్చే మేధోవైకల్యాల జన్యు కారణాలపై పనిచేస్తానంటోంది. పీజీలో ఏం చేర్పించాలి? - ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: ల్యాబ్‌లో డీఎన్‌ఏతో పనిచేయడం ఇష్టమో, కుటుంబాలతో కూర్చుని మాట్లాడటం ఇష్టమో ముందు మీ అమ్మాయినే తేల్చుకోమనండి. మొదటిదైతే ఎమ్మెస్సీ జెనెటిక్స్‌ లేదా బయోటెక్నాలజీ, ఆపై పీహెచ్‌డీ. రెండోదైతే జెనెటిక్‌ కౌన్సెలింగ్‌లో పీజీ.

ఎటు వెళ్లినా ఏ జన్యు పరీక్ష దేన్ని పట్టుకోలేదో తెలిసుండాలి. మార్కుల మెమోలో కనిపించని చదువిది. వంశపారంపర్యంగా మేధోవైకల్యం తెచ్చే ఫ్రాజైల్‌ ఎక్స్‌ సిండ్రోమ్‌నే తీసుకోండి. ఎక్స్‌ క్రోమోజోమ్‌ మీది ఎఫ్‌ఎంఆర్‌1 జన్యువులో సీజీజీ అనే మూడక్షరాల డీఎన్‌ఏ ముక్క మామూలుగా వరుసగా 44 సార్లకు మించి రాదు. 200 దాటితే ఆ జన్యువుకు మిథైల్‌ గుంపులు (జన్యువును ఆపేసే రసాయన ముద్రలు) పట్టేసి పనిచేయడం మానేస్తుంది. నాడీకణాలకు కావాల్సిన ప్రొటీన్‌ తయారుకాదు. 55 నుంచి 200 మధ్య ఉన్న తల్లికి మేధోవైకల్యం సాధారణంగా ఉండదు, కానీ బిడ్డకు చేరేసరికి ఆ సంఖ్య 200 దాటిపోవచ్చు. అంత పొడవైన ముక్కను మామూలు పీసీఆర్‌ (డీఎన్‌ఏను కాపీ చేసే పద్ధతి) కాపీ చేయలేదు. ఆడపిల్ల శాంపిల్‌లో ఒక్క బ్యాండే (ఫలితంలో కనిపించే డీఎన్‌ఏ గీత) వస్తే, రెండు ఎక్స్‌లలోనూ ఒకే సంఖ్య ఉందా, లేక పొడవైనది కాపీ కాలేదా అన్నది తేలదు. అందుకే పొడవైన ముక్కల ఉనికినీ పసిగట్టే ట్రిప్లెట్‌ ప్రైమ్‌డ్‌ పీసీఆర్‌, అవసరమైతే వాటి పొడవు చూపే సదరన్‌ బ్లాట్‌ చేస్తారు. జన్యువుల్లో ప్రొటీన్‌ సమాచారం ఉన్న భాగాలను చదివే సాధారణ ఎక్సోమ్‌ సీక్వెన్సింగ్‌కూ ఇది చిక్కదు. వేలు పోసి ఆ ఒక్క పరీక్షే చేయించి, రిపోర్టులో ఏమీ లేదని నిశ్చింతగా ఉంటే మరో కాన్పులో అదే జబ్బు ఎదురుకావచ్చు.

ఎంట్రన్సుల సంగతికొస్తే, ఐఐటీలకు జామ్‌, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) సాయంతో నడిచే కోర్సులకు గాట్‌-బి, ఉస్మానియా జెనెటిక్స్‌కు సీపీగెట్‌. పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్‌ నెట్‌ లైఫ్‌ సైన్సెస్‌ రాయాలి. 200 మార్కుల్లో 100 పార్ట్‌-సివే: 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే ఒకటి పోతుంది. ఇక్కడ బట్టీ పనిచేయదు. పెడిగ్రీ (వంశవృక్షం), లింకేజ్‌ (జన్యువులు కలిసి సంక్రమించడం) లెక్కలు ఇప్పటినుంచే చేయించండి. పరిశోధనకు హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, బెంగళూరులో నిమ్‌హాన్స్‌, హరియాణాలోని మానేసర్‌లో మెదడు పరిశోధన సంస్థ ఎన్‌బీఆర్‌సీ ఉన్నాయి.

పీహెచ్‌డీ దాకా ఓపిక లేకపోతే ఎమ్మెస్సీతోనే డయాగ్నస్టిక్‌ ల్యాబుల్లో వేరియంట్‌ అనలిస్ట్‌గా (జన్యు మార్పుల్ని విశ్లేషించే ఉద్యోగం) చేరొచ్చు. లినక్స్‌, పైథాన్‌ వచ్చి ఉండాలి. కౌన్సెలింగ్‌ కోర్సయితే ఫీజు కట్టేముందే ఆస్పత్రి జెనెటిక్స్‌ ఓపీలో ఎన్ని నెలలు కూర్చోబెడతారో అడగండి. సూటిగా చెప్పకపోతే ఆ కోర్సు వద్దు.