క్లోరిన్ వేస్తూనే ఉన్నాం, పూల్ నీళ్లు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్విమ్మింగ్ పూల్ గురించే, అందుకని ఈ నెల కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: నమస్తే అండీ. శంకర్‌పల్లి దగ్గర మాకు చిన్న ఫామ్‌హౌస్ ఉంది, అందులో 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున నాలుగున్నర అడుగుల లోతు పూల్. సంక్రాంతికి బోరు నీళ్లతో కొత్తగా నింపాం, అప్పటి నుంచి వాచ్‌మన్ రోజూ సాయంత్రం 100 గ్రాముల టీసీసీఏ 90 అనే క్లోరిన్ పౌడర్ వేస్తున్నాడు. మార్చి దాకా అడుగున టైల్స్ స్పష్టంగా కనిపించేవి, ఏప్రిల్ నుంచి ఆకుపచ్చ, గోడలకి పాకుడు. పూల్ మెయింటెనెన్స్ అతన్ని అడిగితే డోస్ సరిపోవట్లేదు అని ఒకేసారి కిలో వేయించాడు, ఒక్కరోజు కాస్త తేలికపడి మళ్లీ అదే రంగు. టెస్ట్ కిట్‌లో చూస్తే ముదురు పసుపు వస్తోంది, అంటే క్లోరిన్ బోలెడు ఉన్నట్టే కదా? సెలవులకి పిల్లలు వస్తున్నారు, ఇంకెంత వెయ్యాలో చెప్పండి. - ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ టీసీసీఏ డబ్బా మూత పెట్టేయండి సర్, ఇంకో చెంచా కూడా వద్దు. మీ పూల్‌లో క్లోరిన్ తక్కువై కాదు ఈ సమస్య, క్లోరిన్‌తో పాటు దిగిన ఇంకో పదార్థం ఎక్కువై వచ్చింది. టీసీసీఏలో క్లోరిన్ ఒక్కటే ఉండదు, సయనూరిక్ యాసిడ్ కూడా ఉంటుంది, దాన్నే పూల్ వాళ్లు స్టెబిలైజర్ అంటారు. అది కొంచెం ఉండటం మంచిదే, మన ఎండకి ఉత్త క్లోరిన్ రెండు మూడు గంటల్లోనే చాలా మటుకు ఎగిరిపోతుంది, స్టెబిలైజర్ దాన్ని ఎండ నుంచి కాపాడుతుంది. 30 నుంచి 50 పీపీఎం (అంటే లీటరు నీళ్లకి అన్ని మిల్లీగ్రాములు) ఉంటే చాలు. చిక్కేంటంటే క్లోరిన్ రోజూ ఖర్చైపోతుంది గానీ స్టెబిలైజర్ పోదు, ఎండకి ఆవిరవదు, ఫిల్టర్‌లో ఆగదు, నీళ్లు బయటకి పోతేనే అది పోతుంది.

మీ లెక్కే వేద్దాం. మీ పూల్ కొలతలకి సుమారు 36,700 లీటర్ల నీళ్లు. 100 గ్రాముల టీసీసీఏ 90 వేస్తే ఆ నీళ్లకి దాదాపు రెండున్నర పీపీఎం క్లోరిన్ వస్తుంది, ప్రతి 10 పీపీఎం క్లోరిన్ వెంట 6 పీపీఎం స్టెబిలైజర్ వస్తుంది కాబట్టి రోజుకి ఒకటిన్నర పీపీఎం స్టెబిలైజర్ పేరుకుంటూ పోయింది. నెలకి 45. అందుకే మొదట్లో అంత బాగుంది, మీ వాచ్‌మన్ తప్పేం చెయ్యలేదు, చెప్పిన పనే చేశాడు. నాలుగు నెలలకి లెక్క ప్రకారం 175 పైన అవ్వాలి, ఫిల్టర్‌ని వెనక్కి నీళ్లు తిప్పి కడిగే బ్యాక్‌వాష్‌లో పోయింది తీసేసినా 150, 160 దగ్గర ఉంటుందని నా అంచనా. మొన్న వేసిన ఆ కిలో ఒక్కటే ఇంకో 15 కలిపింది.

స్టెబిలైజర్ అంత పెరిగితే ఏమవుతుందంటే, క్లోరిన్‌లో చాలా భాగాన్ని అది పట్టేసుకుంటుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసిన డబ్బు లాంటిదన్నమాట, పాస్‌బుక్‌లో కనిపిస్తుంది గానీ అవసరానికి చేతికి రాదు. మీ కిట్‌లో పసుపు రంగు అందుకే వస్తోంది. పైగా ఆ పసుపు రంగు కిట్ చూపించేది మొత్తం క్లోరిన్‌ని, అందులో పనికొచ్చేది ఎంత, మురికితో కలిసి పనికిరాకుండా పోయింది ఎంత అని విడదీసి చెప్పదు. నాచు రాకుండా ఉండాలంటే ఫ్రీ క్లోరిన్, అంటే మురికితో కలవకుండా మిగిలింది, ఎప్పుడూ స్టెబిలైజర్‌లో ఏడున్నర శాతం అయినా ఉండాలి, వచ్చిన నాచుని చంపాలంటే 40 శాతం దాకా తీసుకెళ్లి అక్కడే నిలబెట్టాలి. 160 స్టెబిలైజర్‌కి 40 శాతం అంటే 64 పీపీఎం, ఆ స్థాయిలో రోజుల తరబడి నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. కాబట్టి డోస్ డబుల్ చెయ్యండి అనే సలహా వినకండి, టీసీసీఏతో ఎంత డబుల్ చేస్తే అంత లోతుకి దిగుతారు.

అయితే నా అంచనా మీద నీళ్లు పారబోయకండి, కొలిచాకే. సయనూరిక్ యాసిడ్ టెస్ట్ విడిగా దొరుకుతుంది, మందు కలిపితే నీళ్లు పాలల్లే తెల్లబడతాయి, గొట్టం అడుగున ఉన్న నల్ల చుక్క కనపడకుండా పోయే దగ్గర రీడింగ్. అది 100 వరకే చూపిస్తుంది. 100 దగ్గర ఆగిపోతే పూల్ నీళ్లు సగం, మంచినీళ్లు సగం కలిపి మళ్లీ చూసి వచ్చినదాన్ని రెండింతలు చేసుకోండి. క్లోరిన్‌కి కూడా డీపీడీ కిట్ తెచ్చుకోండి, ఫ్రీ ఎంతో విడిగా తెలుస్తుంది. దాంట్లో ఒక జాగ్రత్త, క్లోరిన్ మరీ ఎక్కువుంటే గులాబీ రంగు ఇలా వచ్చి అలా పోతుంది, అది చూసి క్లోరిన్ లేదనుకుని ఇంకా పోసేవాళ్లున్నారు, అప్పుడు నీళ్లు పలుచన చేసి చూడాలి.

నిజంగా 160 ఉంటే నాలుగింట మూడొంతుల నీళ్లు మార్చక తప్పదు, అంటే 27, 28 వేల లీటర్లు. మే నెలలో, బోర్లు ఎండిపోయే టైంలో ఇది చెప్పడం నాకూ బాధగానే ఉంది, కానీ స్టెబిలైజర్ తగ్గించడానికి దీన్ని మించి నమ్మకమైన దారి లేదు. ఒకేసారి ముప్పావు వంతు తీసి నింపండి, సగం తీసి నింపి మళ్లీ సగం తీస్తే ఇంకో తొమ్మిది వేల లీటర్లు అదనంగా పోతాయి. తీసేముందు రెండు మూడు రోజులు క్లోరిన్ వెయ్యకుండా ఆపి, సున్నాకి దగ్గరగా వచ్చాక వాకిలి కడగడానికో నిర్మాణం పనికో వాడుకోవచ్చు. ఇంకోటి, ఈ పని ఇప్పుడే కానివ్వండి, వానాకాలంలో భూమిలో నీళ్లు పైకొచ్చినప్పుడు పూల్ ఖాళీ చేస్తే కింద నుంచి నీటి ఒత్తిడికి పూల్ పైకి లేవడం, పగలడం జరుగుతుంది.

నీళ్లు మార్చాక స్టెబిలైజర్ 40 దగ్గరకి వస్తుంది, అప్పుడు లక్ష్యం 16 పీపీఎం క్లోరిన్. ముందు పీహెచ్ చూసి 7.2 దగ్గరకి తెచ్చుకోండి, కొత్త బోరు నీళ్లకి ఎక్కువే ఉంటుంది, క్లోరిన్ పెంచాక పీహెచ్ రీడింగ్ సరిగ్గా రాదు కాబట్టి ఈ పని ముందే. తర్వాత 10 శాతం సోడియం హైపోక్లోరైట్, అదే లిక్విడ్ హైపో, మీ పూల్‌కి ఆరు లీటర్లు సాయంత్రం పూట పోయండి. హైపో ఎండలో నిల్వ ఉంటే బలం తగ్గిపోతుంది, తాజాది అడిగి తీసుకోండి, పోశాక కొలిచి చూసి తక్కువైతే ఇంకో లీటరు. పంపు 24 గంటలూ తిరగాలి, గోడలు రోజూ బ్రష్‌తో రుద్దాలి, నిచ్చెన వెనక, లైటు వెనక, స్కిమ్మర్ మూత కింద కూడా, నాచు అక్కడే దాక్కుని మళ్లీ మొదలవుతుంది. ఫిల్టర్ ప్రెజర్ శుభ్రంగా ఉన్నప్పటికన్నా 8, 10 పీఎస్ఐ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్. ఒక్కసారి పోసి వదిలేస్తే కాదు, పగలు రెండు మూడు గంటలకోసారి కొలిచి 16కి తెస్తూ ఉండాలి, సగం మంది ఫెయిలయ్యేది ఇక్కడే. నీళ్లు ఆకుపచ్చ నుంచి మసక తెలుపుకి వస్తే నాచు చచ్చినట్టు, ఇక ఫిల్టర్ పని.

ఎప్పుడు ఆపాలి అంటే, రాత్రి చీకటి పడ్డాక ఒకసారి, తెల్లారి ఎండ రాకముందు ఒకసారి ఫ్రీ క్లోరిన్ కొలవండి. రాత్రంతా ఎండ లేదు కాబట్టి తగ్గింది ఏదైనా నాచు తిన్నదే. తేడా 1 పీపీఎం లోపు ఉండి, నీళ్లు తేటగా ఉండి, కంబైన్డ్ క్లోరిన్, అంటే మురికితో కలిసిపోయింది, అర పీపీఎంకి మించకపోతే అయిపోయినట్టు. ఆ తర్వాత రోజుకి లీటరు హైపో చాలు, అది మీ పూల్‌కి 2.7 పీపీఎం ఇస్తుంది, 3 కంటే కిందకి రానివ్వకండి.

దయచేసి ఇది మాత్రం వాచ్‌మన్‌కి కూర్చోబెట్టి చెప్పండి: టీసీసీఏ, బ్లీచింగ్ పౌడర్, హైపో ఒకదానితో ఒకటి పొడిగా గానీ తడిగా గానీ కలపకూడదు, ఒకే మగ్గు కూడా వాడకూడదు, మంటలు వస్తాయి, పేలుతుంది కూడా. యాసిడ్‌కి హైపో తగిలితే విషవాయువు వస్తుంది. ఏ మందైనా నీళ్లలోకి పోయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. పిల్లల సంగతికొస్తే, అడుగున డ్రెయిన్ మూత స్పష్టంగా కనిపించేదాకా ఎవర్నీ దిగనివ్వకండి. ఇన్‌ఫెక్షన్ల మాట అటుంచండి, ఆకుపచ్చ నీళ్లలో ఒక పిల్లాడు మునిగిపోతే గట్టు మీదున్న వాళ్లకి కనపడడు.

ప్రశ్న: గుంటూరు దగ్గర మా తోటలో పూల్ ఉందండీ. నాచు పట్టిందని ఎవరో మైలుతుత్తం వెయ్యమంటే కిలోల లెక్కన వేశాం. పాకుడు పోయింది, అడుగు కూడా కనిపిస్తోంది, కానీ నీళ్ల రంగు ఆకుపచ్చగానే ఉంది. మా అమ్మాయి జుట్టు చివర్లు కూడా అదే రంగులోకి తిరుగుతున్నాయి. క్లోరిన్ పెంచమంటారా? - ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, పెంచితే మరకలు పడతాయి. నీళ్లు తేటగా ఉండి రంగు ఉందంటే అది నాచు కాదు, నీళ్లలో కరిగిన లోహం, మీ విషయంలో రాగి. మైలుతుత్తం అంటేనే కాపర్ సల్ఫేట్ కదా. అమ్మాయి జుట్టుకి పట్టింది కూడా ఆ రాగే, అందరూ క్లోరిన్‌ని తిడతారు గానీ. బోరు నీళ్లలో ఇనుము ఉన్నా ఇలాంటి రంగే వస్తుంది, క్లోరిన్ తగిలి కొన్నాళ్లకి టీ రంగుకి మారుతుంది. ఏదో తేల్చుకోవాలంటే రెండు తెల్ల బకెట్లు తీసుకుని ఒకదాంట్లో పూల్ నీళ్లు, ఇంకోదాంట్లో నేరుగా బోరు నీళ్లు పట్టి, రెండింట్లో కొంచెం హైపో వేసి రాత్రంతా వదిలేయండి. పూల్ బకెట్ రంగు పోతే నాచు, పోకపోతే లోహం. బోరు బకెట్ తుప్పు రంగుకి తిరిగితే మీ బోరులోనే ఇనుముంది, కొత్త నీళ్లు నింపేముందే దాని సంగతి చూడాలి. లోహాన్ని పట్టి ఉంచే మందులు దొరుకుతాయి, అవి మరక పడకుండా ఆపుతాయి గానీ రాగిని బయటకి తియ్యవు, సగం నీళ్లు మార్చడమే మేలు. అప్పటిదాకా పీహెచ్ 7.2, 7.4 మధ్యే ఉంచండి. అమ్మాయి పూల్‌లో దిగేముందు తల మంచినీళ్లతో తడిపి కొంచెం నూనె రాస్తే జుట్టు రాగిని అంతగా పీల్చదు.

ప్రశ్న: పటిక వేస్తే నాచు పోతుందా? - ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పోదండి. పటిక నాచుని చంపదు, చచ్చిన నాచుని, మసకని ముద్దగా చేసి అడుగుకి దించుతుంది, అంతే. కాబట్టి క్లోరిన్ పని పూర్తయ్యాకే. రాత్రి వేసి, బాగా కలిపి, పంపు ఆపేసి, పొద్దున ఫిల్టర్ వాల్వ్ వేస్ట్‌లో, అంటే నీళ్లు నేరుగా బయటకి పోయేలా పెట్టి వాక్యూమ్ చెయ్యాలి, ఫిల్టర్‌లోంచి పంపితే ఇసుక గడ్డ కడుతుంది. పటిక వల్ల పీహెచ్ పడిపోతుంది, తర్వాత కొలుచుకోండి.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. ఇండియా వెళ్లి నెల తర్వాత వచ్చేసరికి బ్యాక్‌యార్డ్ పూల్ చిత్తడి గుంటలా ఉంది, దోమలు కూడా. మాది సాల్ట్ పూల్, సెల్‌ని 100 శాతంలో పెట్టి వారం అయింది, మార్పు లేదు. - ఒక పాఠకురాలు

జవాబు: సాల్ట్ సెల్ నీళ్లలోని ఉప్పు నుంచి తయారుచేసేది కూడా క్లోరినే, కాకపోతే నిదానంగా, రోజంతా కొద్దికొద్దిగా. తేటగా ఉన్న నీళ్లని అలాగే ఉంచడానికి అది సరిపోతుంది గానీ నిండా నాచున్న పూల్‌లో అది చేసిన క్లోరిన్ చేసినట్టే ఖర్చైపోతుంది, సెల్ ఆయుష్షు కూడా వృథా. సెల్ ఆపేసి, ముందు ఆకులు చెత్త నెట్‌తో తీసేసి, స్టెబిలైజర్ కొలిచి దానికి 40 శాతం లెక్కన లిక్విడ్ క్లోరిన్ పోయండి. సాల్ట్ పూల్స్‌లో స్టెబిలైజర్ మామూలుగా 60 నుంచి 80 ఉంచుతారు, అంటే 24 నుంచి 32 పీపీఎం కావాలి, అది రోజుల తరబడి నిలబెట్టడానికి చాలా జగ్గులే పడతాయి. కొంత నీళ్లు మార్చి స్టెబిలైజర్ 40కి దించుకుంటే 16తో పని అయిపోతుంది, నాచు పోయాక మళ్లీ స్టెబిలైజర్ పెంచి, ఉప్పు మీ సెల్ కంపెనీ చెప్పిన స్థాయిలో ఉందో లేదో చూసి సెల్ ఆన్ చేసుకోండి. షాక్ అని అట్టపెట్టెల్లో అమ్మే పొడుల్లో డైక్లోర్ అని రాసుంటే కొనకండి, అందులో స్టెబిలైజర్ టీసీసీఏ టాబ్లెట్ల కంటే కూడా ఎక్కువ, ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌కి 9.