మూడేళ్లకే చేజారిపోతున్నారు

"చిన్న ఊళ్లలో ప్రభుత్వ బడులకు పిల్లలు ఎందుకు రావడం లేదు, అక్కడ చదువు అంత అన్యాయంగా ఉందా?" అని ఒకరు అడిగారు. నేనుండేది ఉప్పల్‌లోనే గానీ, మా అక్క జనగామ వైపు ఒక చిన్న ఊళ్లో ప్రైమరీ బడిలో టీచర్. నాకు సెలవు దొరికితే అక్కడికే వెళ్తాను. కాబట్టి గట్టిగానే చెప్తాను, లోపం చదువులో లేదు.

పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించమని టీచర్లు ఇంటింటికీ వెళ్లి చెప్పే బడిబాటకు అక్కతో పాటు నేనూ ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంటి అరుగు మీద ఐదేళ్ల బాబు కూర్చున్నాడు. టై, బెల్టు, కొత్త బూట్లు. తల్లి అన్నం తినిపిస్తూనే వీధి చివరకు చూస్తోంది. పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం అన్నీ ఉచితమని, ఇప్పుడు ఇంగ్లిష్ మీడియమేనని అక్క చెప్పింది. ఆవిడ ఓపిగ్గా వింది.

"మీరు మంచిగ చెప్తరని మాకు తెల్వదా మేడమ్? మా పెద్దది మీ దగ్గర్నే చదివింది. వీడు నర్సరీ కాడి నుంచి అక్కడనే ఉన్నడు. అలవాటైన బడి ఎట్ల మాన్పిస్తం?"

ఇంతలో వ్యాన్ హారన్. కొంగుతో పిల్లాడి మూతి తుడిచి, బ్యాగు తగిలించి ఎక్కించేసింది.

సర్కారు బడి పిల్లాణ్ని ఒకటో తరగతిలో చేర్చుకుంటుంది. ప్రైవేటు వ్యాన్ మూడో ఏటే గుమ్మం ముందు ఆగుతుంది. అంగన్‌వాడీని మనవాళ్లు బడి కింద లెక్కే వేయరు. తెలంగాణలో 2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టారు, అయినా వ్యాన్లు ఆగలేదు. 2025లో కొన్ని బడుల్లో ప్రీప్రైమరీ మొదలుపెట్టారు. అది ప్రతి ఊళ్లోనూ రావాలి, పదేళ్ల కిందటే రావాల్సింది.

చేరిన పిల్లలైనా నిలుస్తారా? చురుకైనవాళ్లు ఐదో తరగతికి గురుకుల పరీక్ష రాసి వెళ్లిపోతారు. వెళ్లడం మంచిదే, వాళ్ల బతుకులు బాగుపడతాయి. కానీ పదిలో వాళ్లకొచ్చిన మార్కులు గురుకులం ఖాతాలో పడతాయి, అక్షరాలు దిద్దించిన బడికేమో పిల్లల్లేని బడి అని పేరు.

టీచర్ల సంగతీ చెప్పాలి. విద్యాహక్కు చట్టం లెక్కలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లే. తరగతులు మాత్రం ఐదు. అక్క ఒకే గదిలో ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ మూడో తరగతికి కూడికలు చెప్తుంది. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు కూడా ప్రైమరీ టీచర్లనే పంపి, బడి ఒంటిపూట నడిపించారు. ఏ ప్రైవేటు బడైనా అలా చేస్తే తల్లిదండ్రులు ఊరుకుంటారా? నాకైతే ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మీ ఊరి బడి పరిస్థితి తెలుసుకోవాలంటే పదో తరగతి ఫలితాలు చూడకండి. జూన్‌లో వెళ్లి, అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి ఈ ఏడాది ఎంతమంది వచ్చారో హెడ్మాస్టర్‌ను అడగండి.